పద్నాలుగో ప్రశ్న

కెంటకీ కొండల్లో బొగ్గు అయిపోయిన ఊరు.
మలుపు దగ్గర మూతబడ్డ ఆసుపత్రి.
'అత్యవసరం' అన్న ఎర్ర అక్షరాల్లో
రెండు రాలిపోగా
మిగిలినవి ఇంకా ఎవరినో పిలుస్తున్నాయి.

నా మెడలో విశ్వవిద్యాలయం బిళ్ళ,
చేతిలో నలభై ఒక్క ప్రశ్నల కాగితాలు,
సంచిలో, జవాబు చెప్పినవాళ్ళకి
ఇరవై డాలర్ల కవర్లు.

ఆర్డిత్ కూంబ్స్, అరవై ఒకటి.
దుస్తుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు జేబులు కుట్టింది.
"ఒక్కటీ నిండగా చూళ్ళేదు" అని తనే నవ్వి,
"కూర్చో, కుక్క కరవదు,
దానికీ పళ్ళు లేవు" అంది.

మొదటివి తేలిక ప్రశ్నలు.
చదువు. పని. ఇంట్లో ఎందరు?
"ఇద్దరం. నేనూ, డెల్మర్ దగ్గూ."
పక్కగదిలోంచి ఆ రెండోది
అవునన్నట్టు వినిపించింది.

తొమ్మిది: బీమా ఉందా?
ఉండేదట, మార్చి దాకా.
ఫిబ్రవరిలో చర్చి సంతలో
ఆపిల్ జామ్ సీసాలు ఓ నాలుగు ఎక్కువ అమ్ముడై,
ముప్పై ఎనిమిది డాలర్లు
పేదరికపు గీత దాటి అవతల పడ్డాయి.
వెంటనే ఉత్తరం వచ్చింది:
మీరిక అర్హులు కారు.
కార్డు మాత్రం పారేయలేదు.
తెల్లారి కారద్దం మీద మంచు గీకడానికి
అంతకంటే పనికొచ్చేది ఇంట్లో లేదు.

పద్నాలుగు.
నా గొంతు నాకే ఎరువు తెచ్చుకున్నట్టుంది.
గత పన్నెండు నెలల్లో
ఖర్చు భరించలేక
డాక్టరు రాసిన మందు మానేశారా?
అవును. కాదు. తెలియదు. చెప్పనన్నారు.
నాలుగే గళ్ళు.

ఆమె లేచి సొరుగు లాగింది.
నీలం ప్లాస్టిక్ పెట్టె, లోపల బ్లేడు.
అడకత్తెరలో పోకచెక్కలా
రక్తపోటు బిళ్ళ ఆ దవడల మధ్య కూచుంది.
టక్.
ఒక సగం కుదురుగా వచ్చింది.
రెండోది పొడైంది.
వేలు తడిచేసుకుని
బల్ల మీది తెల్లని పొడి అద్దుకుని
నాలిక్కి రాసుకుంది,
కూరలో ఉప్పు చూసినంత మామూలుగా.

"మానలేదమ్మాయ్. మానలేదనే రాసుకో.
రోజూ వేసుకుంటున్నా కదా, సగమైనా.
డెల్మర్ పీల్చే మందుతోనే చిక్కు.
గాలిని ఎక్కడని కొయ్యను?"

గళ్ళ మీద పెన్ను కాసేపు తచ్చాడింది.
'కాదు' దగ్గర టిక్కు పెట్టి
అంచున పెన్సిల్‌తో 'సగం' అని రాశాను.
అంచున రాసినవి కంప్యూటరు చదవదని
శిక్షణలో మొదటిరోజే చెప్పారు.

ఏడాదిన్నరకి వ్యాసం అచ్చయింది.
మూడో పట్టిక, ఆరో వరుస:
ఖర్చు వల్ల మందు మానినవారు, నూటికి పదకొండు.
నిరుటికీ ఇప్పటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.
మరింత పరిశోధన అవసరం.

తప్పేమీ రాయలేదు వాళ్ళు.
కూడికలు నేనే రెండుసార్లు సరిచూశాను.
ఆ పదకొండులో ఆర్డిత్ లేదు.
మిగతా ఎనభై తొమ్మిదిలో,
నా టిక్కు కింద,
నిక్షేపంగా ఉంది.
ఆమెలాంటివాళ్ళు ఇంకెందరున్నారో
ఎవర్ని అడగాలో నాకు తెలీదు.
నాతోపాటు తిరిగిన తొమ్మిదిమందీ
అంచుల్లో ఏం రాశారో.

ఇంకొకటి. ఇది ఏ పట్టికలోనూ లేదు.
ఆ రోజు వచ్చేసేముందు కవరు అందించాను.
పట్టుకుంది గానీ తనవైపు లాక్కోలేదు.
మా ఇద్దరి వేళ్ళ మధ్య ఆ ఇరవై డాలర్లు
కాసేపు అలాగే ఉండిపోయాయి.

"ఇది సంపాదన కిందికి వస్తుందా?" అంది.

నా దగ్గర ఉన్నవన్నీ ప్రశ్నలే.
పళ్ళులేని కుక్క తలెత్తి
నేనేమంటానో అని చూసింది.